పోకెమాన్ స్నాప్: 60 ఫొటోల రీలు, పాతికేళ్లు దాటిన మోజు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డులో, మన్ననూరు దాటాక ఫరహాబాద్ దగ్గర అమ్రాబాద్ పులుల అభయారణ్యం సఫారీ బండి ఎక్కినవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. దారి మన చేతిలో ఉండదు. బండి వేగం డ్రైవరు చేతిలో, జింక రావడం జింక ఇష్టం. కెమెరా అటు తిప్పి ఫోకస్ కుదుర్చుకునేలోపు అది పొదల్లోకి పోతుంది. 1999లో వచ్చిన పోకెమాన్ స్నాప్ అనే వీడియో గేమ్ సరిగ్గా ఈ ఇబ్బంది మీదే నిలబడింది. 2021లో దానికి కొత్త రూపం వచ్చింది, బొమ్మలు ఎన్నో రెట్లు అందంగా మారాయి. అయినా పాత ఆట దగ్గరికి తిరిగి పోయేవాళ్లు తగ్గలేదు. ఎందుకో తెలియాలంటే అది ఎట్లా పుట్టిందో చూడాలి.

మొదట ఇది పోకెమాన్ ఆటే కాదు. జపాన్‌లోని హాల్ ల్యాబొరేటరీ అనే సంస్థ 'జాక్ అండ్ బీన్స్' పేరుతో ఒక ఫొటోల ఆటను తయారు చేయడం మొదలుపెట్టింది. నింటెండో 64 అనే ఆట యంత్రానికి తగిలించే డిస్క్ యంత్రం 64డీడీ కోసం అనుకున్న ఆట అది. ఫొటోలు తీయడం వరకు బాగానే ఉంది, కానీ ఎందుకు తీయాలన్న ప్రశ్నకు జవాబు లేదు. తెలియని ఊళ్లో తెలియని వస్తువులను ఫొటో తీయాలన్న ఉబలాటం ఎవరికి పుడుతుంది? అప్పట్లో హాల్ అధ్యక్షుడిగా ఉన్న సతోరు ఇవాటా ఈ చిక్కు గురించి తర్వాత చెప్పారు. ఆ ఖాళీని పోకెమాన్ నింపింది. 1996 ఫిబ్రవరిలో గేమ్ బాయ్ అనే చేతి యంత్రం మీద మొదలైన ఆ కల్పిత జీవులను ఆటగాళ్లు చిన్న తెర మీద, రంగుల్లేకుండా, కదలని బొమ్మలుగా చూశారు. టీవీ సీరియల్ వచ్చాక వాటి గొంతు, నడక తెలిశాయి. వాటి మధ్యకు తామే పోయి చూడాలన్న కోరిక అప్పటికే జనంలో ఉంది. కెమెరాకు పని దొరికింది.

ప్యాక్స్ సాఫ్ట్‌నికాతో కలిసి హాల్ తయారు చేసిన ఈ ఆట జపాన్‌లో 1999 మార్చి 21న, అమెరికాలో అదే ఏడాది వేసవిలో, యూరప్‌లో 2000లో విడుదలైంది. జపాన్ వాళ్లకు 1998లోనే పోకెమాన్ స్టేడియం వచ్చింది కాబట్టి పోకెమాన్‌లను త్రీడీలో చూడటం కొత్త కాదు. అమెరికాలో మాత్రం త్రీడీలో వచ్చిన మొదటి పోకెమాన్ ఆట ఇదే. అప్పటికి ఉన్న 151 పోకెమాన్‌లలో ఈ ఆటలో కనిపించేవి 63 మాత్రమే. దీన్ని లోపంగా చెప్పేవాళ్లు ఉన్నారు. మా లెక్కలో బలం అక్కడే ఉంది: ఆ 63లో చాలావాటికి సొంత చేష్టలు, పక్క జీవితో ఏదో ఒక సంబంధం పెట్టారు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి పట్టణాల్లో ఆ రోజుల్లో వీడియో గేమ్ అంటే క్యాసెట్ పెట్టి ఆడే 8 బిట్ నకలు సెట్లే. మారియో, కాంట్రా దాటి నింటెండో 64 దాకా పోయిన ఇళ్లు అరుదు. 2000 తర్వాత కార్టూన్ నెట్‌వర్క్ వల్ల పికాచు ఇంటింటికీ తెలిసింది. ఈ ఆట మాత్రం చాలామందికి చాలా ఆలస్యంగా, పాత ఆటలను కంప్యూటర్ మీద ఆడించే ఎమ్యులేటర్ల మీదనో కొత్త యంత్రాల మీదనో పరిచయమైంది. చిన్ననాటి జ్ఞాపకం ఏమీ లేకుండా మొదటిసారి ఆడినవాళ్లను కూడా ఇది పట్టేస్తుంది. కాబట్టి పాత రోజుల మీద మమకారం ఒక్కటే దీన్ని బతికిస్తున్నదనడం కుదరదు.

ఆట నిర్మాణం చూద్దాం. జీరో వన్ అనే బండి తన దారిన తాను పోతుంది. ఆటగాడు చుట్టూ చూడగలడు, జెడ్ బటన్ నొక్కి జూమ్ చేయగలడు, 'A' బటన్‌తో ఫొటో తీయగలడు. ఒక్కో ప్రయాణానికి రీలులో 60 ఫొటోలు. బీచ్, సొరంగం, అగ్నిపర్వతం, నది, గుహ, లోయ, చివరగా రెయిన్‌బో క్లౌడ్, మొత్తం ఏడు చోట్లు. నింటెండో 64 మెమరీ 4 ఎంబీ మాత్రమే. బండి దారి స్థిరంగా ఉంటే ఆటగాడు ఏ క్షణంలో ఎక్కడ ఉంటాడో ముందే తెలుస్తుంది. ఏ జీవి ఎప్పుడు ఎగరాలో, ఏది ఎప్పుడు తొంగిచూడాలో అంత కచ్చితంగా అమర్చడం అందువల్లే సాధ్యమైంది. రెండోసారి పోయినప్పుడు పిడ్జీ అనే పోకెమాన్ అదే మలుపులో కనిపిస్తుంది. తేడా వచ్చేది మన చూపులో. మొదటిసారి ఎడమకు చూసినవాడు రెండోసారి కుడికి చూస్తాడు.

ఆ తర్వాత ఒక్కొక్కటిగా సామాను చేతికి వస్తుంది. ముందు యాపిల్, తర్వాత పొగ వదిలే పెస్టర్ బాల్, ఆపై పోకె ఫ్లూట్, చివరకు బండిని వేగంగా నడిపే డాష్ ఇంజిన్. ఏది చేతికొచ్చినా పాత దారులన్నీ మళ్లీ కొత్తవవుతాయి. బీచ్‌లో మొదట గడ్డిదిబ్బలా పడుకొని ఉన్న స్నార్‌లాక్స్, ఫ్లూట్ ఊదితే లేస్తుంది. అదే బీచ్‌లో యాపిల్స్ వేస్తూ పికాచును సర్ఫింగ్ పలక దాకా రప్పిస్తే, అది పలకెక్కి నిలబడుతుంది, ఆ ఫొటోకు ప్రత్యేక మార్కులు. నదిలో స్లోపోక్‌ను యాపిల్స్‌తో ఒడ్డున బోర్డు ఉన్న చోటికి రప్పిస్తే అది తోక నీళ్లలో వేస్తుంది, షెల్డర్ వచ్చి కరుస్తుంది, స్లోబ్రో అవుతుంది. అగ్నిపర్వతం దగ్గర లావా గుంట అంచున తిరిగే చార్మీలియన్‌ను లోపలికి తోస్తే చారిజార్డ్ పైకి లేస్తుంది.

అన్నిటికంటే పెద్ద గొలుసు లోయలో ఉంది. మాజికార్ప్‌ను పెస్టర్ బాల్‌తో కొట్టి మాంకీ ఉన్న ఒడ్డుకు చేర్చాలి. మాంకీ దాన్ని తన్ని కొండ అవతలికి పంపుతుంది. బండి చివరికి చేరేసరికి అదే మాజికార్ప్ జలపాతం దగ్గర ఉంటుంది. అక్కడ ఇంకో దెబ్బతో జలపాతంలోకి తోస్తే గ్యారడోస్ బయటికి వస్తుంది. మధ్యలో ఎక్కడ గురి తప్పినా మళ్లీ మొదటినుంచి పోవాలి. ఎక్కువమంది విఫలమయ్యేది చివరి దెబ్బ దగ్గర కాదు, మొదటిదాని దగ్గర: మాజికార్ప్ గాల్లోకి లేచాక కాదు, లేవబోతున్నప్పుడే బాల్ వదలాలి.

ఇక్కడ ఒక్క మాట చెప్పి తీరాలి. ఆటలో యాపిల్ విసరడం నైపుణ్యం. మన నల్లమలలో అదే పని నేరం, జంతువుకు ప్రాణాంతకం. శ్రీశైలం రోడ్డు పొడవునా కార్ల నుంచి అరటిపళ్లు, బిస్కెట్లు వేయడం వల్లే కోతులు అడవి వదిలి తారు మీదికి వచ్చి చక్రాల కింద పడుతున్నాయి. ఆట ఆడి కెమెరా కొనుక్కున్న పిల్లలకు ఈ తేడా పెద్దలు గట్టిగా చెప్పాలి.

మార్కుల విషయానికొస్తే, ఆటలో ఫొటోలకు మార్కులు వేసే ప్రొఫెసర్ ఓక్ చూసేవి ముఖ్యంగా మూడు: జీవి ఫొటోలో ఎంత పెద్దగా పడింది, మనవైపు తిరిగి ఏం చేస్తున్నది, చట్రం మధ్యలో ఉందా లేదా. మధ్యలో ఉంటే మార్కులు రెట్టింపవుతాయి. వెనక్కి తిరిగి ఉంటే ఎంత దగ్గరగా తీసినా దండగే. అదే జాతివి మరికొన్ని పక్కన ఉంటే అదనం. నిజమైన ఫొటోగ్రఫీలో జింకను నట్టనడుమ పెట్టడం మంచి అలవాటు కాదు, అది చూస్తున్న వైపు కాస్త ఖాళీ వదలాలి. ఆట నేర్పేది కూర్పు కాదు, సమయం. ఒక జీవి తల ఎప్పుడు తిప్పుతుందో కనిపెట్టి, ఆ అరక్షణం ముందు వేలు సిద్ధంగా ఉంచడం. ఆ అలవాటు అడవిలోనూ పనికొస్తుంది.

అప్పట్లో ఈ ఫొటోలు తెర దాటి బయటికి కూడా వచ్చాయి. అమెరికాలో బ్లాక్‌బస్టర్ వీడియో దుకాణాల్లో, జపాన్‌లో లాసన్ దుకాణాల్లో ప్రత్యేక యంత్రాలు పెట్టారు. ఇంటి నుంచి క్యాసెట్ తీసుకుపోయి అందులో పెడితే 16 స్టిక్కర్ల షీటు అచ్చయి వచ్చేది. 2007లో నింటెండో మరో యంత్రం వీ (Wii)లో పాత ఆటలు అమ్మే వర్చువల్ కన్సోల్ మీద ఆట మళ్లీ వచ్చినప్పుడు స్టిక్కర్ల బదులు ఫొటోను వీ మెసేజ్ బోర్డుకు పంపే వీలు కల్పించారు. వీ ఆన్‌లైన్ దుకాణం 2019లో మూతపడింది. తర్వాతి యంత్రం వీ యూ (Wii U) దుకాణంలో కొనే దారి 2023లో పోయింది.

కొత్త ఆట కోసం 22 ఏళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. బందాయ్ నామ్కో స్టూడియోస్ తయారు చేసిన న్యూ పోకెమాన్ స్నాప్ 2021 ఏప్రిల్ 30న నింటెండో స్విచ్ యంత్రం మీద వచ్చింది. 200కు పైగా పోకెమాన్‌లు, పగలు రాత్రి వేర్వేరు దారులు, ఫొటోలకు నాలుగు నక్షత్రాల దాకా లెక్క. అదే రోజు ఫ్యూజీఫిల్మ్, స్విచ్ ఫొటోలను తన ఇన్‌స్టాక్స్ మినీ లింక్ ప్రింటర్‌లో అచ్చు వేసే యాప్‌ను తెచ్చింది. ఆట చాలా బాగుంది. కానీ ఒకే దారిలో పదేపదే తిరిగి స్థాయి పెంచితేనే కొత్త చేష్టలు బయటపడతాయి. పాత ఆటలో ఒక తెలివైన విసురు చాలు.

పాతదాన్ని ఇప్పుడు ఆడాలంటే సులువైన దారి స్విచ్ ఆన్‌లైన్ ఎక్స్‌పాన్షన్ ప్యాక్. అందులో 2022 జూన్ నుంచి ఉంది. మామూలు ఆన్‌లైన్ చందాతో రాదు, ఎక్స్‌పాన్షన్ ప్యాక్ చందానే కట్టాలి. మన దేశానికి నింటెండో ఆన్‌లైన్ దుకాణం ఈషాప్ లేనందున ఖాతాకు వేరే దేశం పెట్టుకోవాలి, గిఫ్ట్ కార్డు కూడా ఆ దేశానిదే కొనాలి. రెండూ కలవకపోతే కోడ్ పనిచేయదు.

అసలు యంత్రమే కావాలనుకుంటే నాలుగు చూసుకోవాలి. అమెరికా సెట్టు అడాప్టర్ 120 వోల్టులది, మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అమెరికా క్యాసెట్ యూరప్ సెట్టులో నడవదు. ముందు మూత కింద జంపర్ ప్యాక్ అనే చిన్న ముక్క లేకపోతే తెర నల్లగానే ఉంటుంది. కంట్రోలర్ పుల్ల చుట్టూ తెల్ల పొడి కనిపిస్తే లోపలి ప్లాస్టిక్ అరిగిందని అర్థం, ఈ ఆటలో గురి అంతా ఆ పుల్ల మీదే కాబట్టి అలాంటిది కొనకూడదు. క్యాసెట్ బ్యాటరీ గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. ఈ ఆట ఆల్బమ్‌ను ఫ్లాష్ మెమరీలో దాస్తుంది, లోపల చచ్చిపోయే బ్యాటరీ ఉండదు. పాత క్యాసెట్ కొన్నవాళ్లు కొత్త ఆట మొదలుపెట్టే ముందు ఆల్బమ్ తెరిచి చూడాలి. కొత్త ఆట మొదలుపెడితే పాత యజమాని తీసిన ఫొటోలన్నీ చెరిగిపోతాయి.