ఎవరో వచ్చారు సరే, ఎవరు?

వరంగల్ కాశిబుగ్గలో మా బావకు కిరాణా దుకాణం ఉంది. పోయిన వానాకాలం ఒక రాత్రి దుకాణానికి ఎదురుగా, వేపచెట్టు కింద నిలిపిన స్కూటీ పోయింది. బావ పెద్దగా టెన్షన్ పడలేదు. షట్టర్ పైన నాలుగు మెగాపిక్సెల్ కెమెరా ఉంది కదా, దొంగ ఎక్కడికి పోతాడన్న ధీమా. పొద్దున్నే వచ్చి ఫోను నా చేతిలో పెట్టాడు. వీడియోలో అంతా ఉంది. ఒకడు నడుచుకుంటూ వచ్చాడు, బండి పక్కన కూర్చున్నాడు, కాసేపటికి తోసుకుంటూ పోయాడు. తెల్ల అంగీ. ముఖం చూద్దామని వేళ్లతో పెద్దది చేస్తే, చేసిన కొద్దీ అది నాలుగు బూడిదరంగు గళ్లుగా విడిపోయింది.

"మనిషి కనవడుతున్నడు గదా. మొఖమెందుకు కనవడతలేదు?" అన్నాడు బావ.

కెమెరా కొనేటప్పుడు మనమంతా అడిగేది ఒకటే, ఎన్ని మెగాపిక్సెల్ అని. అది బొమ్మ మొత్తంలో ఉండే చుక్కల లెక్క. దొంగను పట్టించేది ఆ మొత్తం కాదు, అతని ముఖం మీద పడ్డ చుక్కలు. ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం 2014 నాటి రూపంలో దీన్ని మీటర్లలో చెప్పింది. బొమ్మలో ఒక మీటరు వెడల్పుకు 25 చుక్కలు వస్తే అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుంది. 125 వస్తే తెలిసినవాణ్ని పోల్చుకోవచ్చు. ముక్కూమొహం తెలియనివాణ్ని ఇతనే అని తేల్చాలంటే 250 కావాలి. మనిషి ముఖం అటూ ఇటూగా 16 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి, 250 దగ్గర ముఖానికి 40 చుక్కలు దక్కుతాయి. 25 దగ్గర నాలుగే.

బావ కెమెరాకు ఈ లెక్క కట్టి చూశాను. అందులో ఉన్నది 2.8 మిల్లీమీటర్ల లెన్స్. మిల్లీమీటర్లు తగ్గిన కొద్దీ లెన్స్ వెడల్పుగా చూస్తుంది. ఇది సుమారు 100 డిగ్రీల మేర చూస్తుంది. చెట్టు దాకా పది మీటర్లు. అంత దూరంలో ఈ లెన్స్ చూసే వెడల్పు దాదాపు 24 మీటర్లు. నాలుగు మెగాపిక్సెల్ అంటే అడ్డంగా 2560 చుక్కలు. భాగిస్తే మీటరుకు 107. ముఖానికి 17 చుక్కలు, అదీ రాత్రిపూట, మసకలో. ఎనిమిది మెగాపిక్సెల్ కెమెరా పెట్టి ఉన్నా మీటరుకు 160 దాటేది కాదు. అదే రెండు మెగాపిక్సెల్ చవక కెమెరాకు 8 మిల్లీమీటర్ల లెన్స్ ఉండి ఉంటే? అది చూసేది సుమారు 40 డిగ్రీలు, చెట్టు దగ్గర ఏడుంపావు మీటర్ల వెడల్పు. 1920 చుక్కలను దానితో భాగిస్తే 260 పైన.

ఈ లెక్కకు పుస్తకం కూడా అక్కర్లేదు. ఒకరు ఫోన్లో చూస్తుండగా ఇంకొకరు గేటు దగ్గర అడ్డంగా నడవాలి. బొమ్మ ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా టేపుతో కొలిస్తే ఎన్ని మీటర్లో తెలుస్తుంది. 1920 నో 2560 నో దానితో భాగించడమే.

మరి అందరి ఇళ్లకూ 2.8 లెన్సే ఎందుకు పెడుతున్నారు? పెట్టే పిల్లగాళ్ల తప్పు కొంత, మనది ఎక్కువ. మొదటిరోజు టీవీలో ఈ మూల నుంచి ఆ మూల దాకా బజారంతా కనిపిస్తే మన ముఖం వెలిగిపోతుంది. అతనూ సంతోషంగా డబ్బులు తీసుకుని పోతాడు.

ఇక ఆ తెల్ల అంగీ సంగతి. బావ స్టేషన్లో ఫిర్యాదు రాసిచ్చినప్పుడు తెల్ల అంగీ అనే రాశాడు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. కెమెరాలో చిత్రాన్ని పట్టే సిలికాన్ సెన్సార్‌కు మన కంటికి ఆనని పరారుణ కాంతి కూడా కనిపిస్తుంది. టీవీ రిమోట్‌ను ఫోను సెల్ఫీ కెమెరా వైపు పెట్టి బటన్ నొక్కండి, చాలా ఫోన్లలో రిమోట్ కొసన ఊదారంగు మెరుపు కనబడుతుంది. పగలు ఆ కాంతి లోపలికి పోతే రంగులు పాడవుతాయి గనుక సెన్సార్ ముందు ఒక ఫిల్టర్ అడ్డంగా ఉంటుంది. చీకటి పడగానే అది పక్కకు జరుగుతుంది. సందెవేళ కెమెరా కింద నిలబడితే టక్కుమని చిన్న చప్పుడు వినిపించేది అందుకే. అప్పుడే లెన్స్ చుట్టూ ఉన్న ఎల్‌ఈడీలు 850 నానోమీటర్ల పరారుణ కాంతిని వెదజల్లడం మొదలుపెడతాయి. ఆ వెలుగులో రంగు అన్నదే లేదు. ఏ వస్తువు ఎంత కాంతిని తిప్పి పంపుతుందన్నదే ఉంది. చాలా నల్లబట్టల అద్దకాలు మామూలు వెలుతురును మింగేస్తాయి కానీ పరారుణాన్ని వదిలేస్తాయి.

ఆ రాత్రే పరీక్ష పెట్టాం. బావ కొడుకు నల్ల టీషర్టు వేసుకుని చెట్టు కింద నిలబడ్డాడు. ఫోన్లో చూస్తే పాలనురుగులాంటి తెలుపు. బావకు నమ్మకం కుదరక లోపలి నుంచి ఒక చేటెడు చపాటా మిర్చి తెచ్చి మెట్ల మీద పెట్టాడు. రంగుకే పేరుపడ్డ మిర్చి అది, 2025లో వరంగల్ చపాటాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఎరుపంతా కెమెరాలో వెలిసిపోయి, ఎండబెట్టిన వెల్లుల్లిలా కనిపించింది. వేపాకులైతే సున్నం వేసినట్టు మెరుస్తున్నాయి. "అయితే వాడు నల్ల అంగి కూడా ఏసుకొని ఉండొచ్చా?" అన్నాడు బావ. ఉండొచ్చు. నీలం కూడా కావచ్చు. రాత్రి ఫుటేజి చూసి రంగు చెప్పేవాళ్లను నేను అప్పటినుంచి నమ్మడం మానేశాను.

డబ్బా మీద రాసే "నైట్ విజన్ 30 మీటర్లు" అన్న మాటనూ అంతే జాగ్రత్తగా చదవాలి. దూరం రెట్టింపైతే మీద పడే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. చీకట్లో బొమ్మ కోసం కెమెరా ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచాలి. సెకనులో 25వ వంతు తెరిచి ఉంచిందనుకుందాం. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే బైకు ఆ కాస్త సమయంలోనే 40 సెంటీమీటర్లు జరిగిపోతుంది. దాని వెనక నంబరు ప్లేటు వెడల్పు 20 సెంటీమీటర్లు. ఇక అక్షరాలెక్కడ మిగులుతాయి? పైగా లెన్స్‌కు దగ్గర్లో సాలెగూడు ఉంటే పరారుణ వెలుగంతా దాని మీదే తెల్లగా పేలి, వెనకున్నదంతా నల్లబడుతుంది. నన్నడిగితే ఖరీదైన నైట్ విజన్ కన్నా గేటు దగ్గర రాత్రంతా వెలిగే 9 వాట్ల బల్బు మేలు. వెలుతురు చాలితే కెమెరా రంగుల్లోనే ఉండిపోతుంది.

పగటి కష్టం వేరు. దుకాణం లోపలి నుంచి గుమ్మం వైపు చూసే కెమెరాకు మే నెల ఎండ వెనక నుంచి కొడుతుంటే వచ్చేవాళ్లంతా నల్లటి నీడలే. ఇలాంటిచోట డబ్ల్యూడీఆర్ ఉన్నది కొనాలి. అది ఒకే దృశ్యాన్ని తక్కువసేపు ఒకసారి, ఎక్కువసేపు ఒకసారి తీసి కలుపుతుంది. కొన్ని చవక కెమెరాల్లో డిజిటల్ డబ్ల్యూడీఆర్ అని రాసి ఉంటుంది. అది తీసిన బొమ్మనే తర్వాత తెల్లబరిచే పని, అసలుది కాదు.

ఎత్తు విషయంలో మాత్రం మనూళ్లో సూత్రాలన్నీ కోతుల ముందు ఓడిపోతాయి. ముఖం కావాలంటే కెమెరా ఏడెనిమిది అడుగుల్లో ఉండాలి. పన్నెండు అడుగుల మీద పెడితే బట్టతలలు, టోపీలే దొరుకుతాయి. కిందికి పెడితే కోతి వచ్చి మెడ విరిచి ఆకాశం వైపు తిప్పి పోతుంది. పొడుగ్గా ముందుకొచ్చే బుల్లెట్ రకం వాటికి పట్టు దొరికే పిడిలాంటిది. పందిరి కింద గుండ్రటి డోమ్ రకం పెట్టి, తీగ గోడలోంచే తీసుకుంటే కొంత నయం.

బావ వెనక గేటు కెమెరాది ఇంకో కథ. పగలంతా చక్కగా పనిచేసేది, రాత్రయితే ఆగిపోయి, మళ్లీ వచ్చి, మళ్లీ ఆగిపోయేది. కెమెరా రెండుసార్లు మార్చారు. లోపం కెమెరాది కాదు, సన్నని తీగది. 12 వోల్టుల అడాప్టర్ దుకాణంలో ఉంది, కెమెరా చాలా దూరంలో. రాత్రి ఎల్‌ఈడీలు వెలగగానే అది లాగే కరెంటు పెరుగుతుంది, తీగలో వోల్టేజీ పడిపోతుంది, కెమెరా ఆరిపోతుంది. ఆరగానే భారం తగ్గి మళ్లీ లేస్తుంది. అడాప్టర్‌ను కెమెరా దగ్గరికి తెస్తే ఆ జబ్బు పోయింది. నెట్‌వర్క్ కేబుల్ మీదే 48 వోల్టులతో కరెంటు పంపే పీఓఈ కెమెరాలకు వంద మీటర్ల దాకా ఈ బాధ దాదాపు ఉండదు.

నిల్వకు చిన్న గుణకారం చాలు. రెండు మెగాపిక్సెల్ కెమెరా, వీడియోను కుదించే హెచ్.265 పద్ధతిలో సెకనుకు రెండు మెగాబిట్లు రాస్తే రోజుకు 21.6 జీబీ. నాలుగు కెమెరాలకు ఒక టెరాబైట్ డిస్క్ పదకొండు రోజుల్లో నిండి, పాతది చెరిపేస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చర్యల చట్టం ప్రకారం, వందమందో అంతకన్నా ఎక్కువో జనం చేరే చోట్ల కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగ్ ఉంచాలి. ఫంక్షన్ హాలు వాళ్లు ఇక్కడే దొరికిపోతారు. ఇంటికి చట్టం లేకున్నా, మేడారం పోయి అటునుంచటే చుట్టాలింట్లో నాలుగు రోజులుండి వచ్చేవాళ్లకు పదకొండు రోజులు బొటాబొటిగా సరిపోతాయి.

వీడియో రికార్డయ్యే పెట్టెలో, అదే డీవీఆర్‌లో, గడియారం సరిచూసుకున్నారా? బావది 43 నిమిషాలు వెనక ఉంది. కోర్టుకు వీడియో ఇవ్వాలంటే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ తెచ్చినా, టైమే తప్పుంటే అవతలి వకీలుకు పండగే.

డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్‌ను ఆ రోజే మార్చాలి. 2016 అక్టోబర్‌లో మిరాయ్ అనే వైరస్ మార్చని పాస్‌వర్డ్‌లనే వరసగా ప్రయత్నించి, కెమెరాలను, డీవీఆర్‌లను వేల సంఖ్యలో లొంగదీసుకుంది. వాటితో అమెరికాలో ఒక పూట ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అందకుండా చేశారు. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు కేంద్రం నిర్దేశించిన భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. కొనేటప్పుడు ఆ సర్టిఫికెట్ అడగండి. పరీక్ష పాసైన కెమెరాకైనా పెట్టేవాడు 123456 అని పెట్టిపోతే ఎవరూ కాపాడలేరు.

చివరికి బావ పాతదాన్ని అలాగే ఉంచి, రెండు మెగాపిక్సెల్, 8 మిల్లీమీటర్ల కెమెరా ఒకటి ఎనిమిది అడుగుల ఎత్తున స్తంభానికి బిగించాడు. పక్కింటి పెద్దమ్మ "మా బట్టలుతికే బండ కనవడుతదా బిడ్డా?" అని అడిగింది. నిజమే, ఓ మూలన కనబడుతోంది. సెట్టింగుల్లో ఆ మూలను నల్లగా కప్పేసి ఆమెకే ఫోన్లో చూపించాం. రాత్రి బావ చెట్టు కింద నిలబడి ఫోన్ చేశాడు.

"మీసం కనవడుతుందా?"

కనబడింది. మీసంలో నెరిసినవి కూడా.

"మరి దుకాణం మెట్లు?"

మెట్లు ఆ బొమ్మలో లేవు. వాటికి పాతదే చూసుకోవాలి.