గజ్జల్లో వాపుంటే దాచొద్దు, పిల్లలూ

ప్రియమైన పిల్లలకి,

మీ నర్సు మామ్మ ఆశీస్సులు. శ్రీకాకుళంలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేసి రిటైరైన మనిషిని. మొన్న మన వీధిలో ఒక గుంటడు కుడి గజ్జల్లో వాపు వచ్చినా చాలా రోజులు ఎవరికీ చెప్పలేదట. స్నేహితులు నవ్వుతారని భయం. వాడికిప్పుడు బాగానే ఉంది. మీలో ఇంకెవరైనా అలా దాస్తున్నారేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మగపిల్లాడు తల్లి కడుపులో ఉన్నప్పుడు వాడి వృషణాలు పొట్టలోపలే తయారవుతాయి. తరవాత గజ్జ దగ్గరున్న చిన్న దారిలోంచి కిందికి దిగుతాయి. దిగాక ఆ దారి మూసుకుపోవాలి. కొందరిలో మూసుకోదు. అప్పుడు ఏడ్చినా, దగ్గినా, బరువెత్తినా చిరుగున్న సంచిలోంచి కూరగాయ తొంగిచూసినట్టు పేగు ఆ దారిలోకి జారుతుంది. అదే హెర్నియా. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఎక్కువ. ఆడపిల్లలకీ వస్తుంది, వాళ్లలో ఒక్కోసారి అండాశయం జారుతుంది. అంచేత ఇది అబ్బాయిల జబ్బని అమ్మాయిలు ఈ ఉత్తరం పక్కన పెట్టొద్దు.

మామూలుగా జారేది పేగే. సుమారు నూటికి ఒక హెర్నియాలో మాత్రం అపెండిక్స్ ఉంటుంది. పెద్దపేగు మొదట్లో, పొట్ట కుడివైపు కింద, చిటికెన వేలంత వేలాడే గొట్టం అది. కుడివైపునే ఉంటుంది కాబట్టి ఈ రకం హెర్నియా దాదాపు ఎప్పుడూ కుడి గజ్జల్లోనే కనిపిస్తుంది. ఆ అపెండిక్స్ వాచి చీము పట్టడం ఇంకా అరుదు.

అపెండిక్స్ జారిన హెర్నియాకి అమ్యాండ్ హెర్నియా అని పేరు. క్లాడియస్ అమ్యాండ్ లండన్‌లో సర్జన్, రెండో జార్జి రాజుకి వైద్యం చేసినవాడు. 1735 డిసెంబరు 6న సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో పదకొండేళ్ల హాన్విల్ ఆండర్సన్‌కి ఆయన ఆపరేషన్ చేశాడు. పిల్లాడు ఎప్పుడో గుండుసూది మింగాడు. అది అపెండిక్స్‌కి చిల్లు పెట్టింది, చుట్టూ రాయిలా పేరుకుంది. ఆ అపెండిక్స్ హెర్నియాలో ఇరుక్కుని, గజ్జల్లో పుండుపడి మలం బయటికి కారేది. అమ్యాండ్ అపెండిక్స్ కోసి తీసేశాడు. పిల్లాడు బతికాడు. అపెండిక్స్ తీసి మనిషిని బతికించినట్టు రాతలో దొరికే మొదటి ఆపరేషన్ ఇదే. మత్తు కోసం ఈథర్ వాడడం లోకానికి తెలిసింది 1846లో. అంటే ఆ పిల్లాడు ఆ కోతంతా మెలకువతోనే ఓర్చుకున్నాడు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

ఇప్పుడు మీకు అంత బాధ లేదు. డాక్టరు మిమ్మల్ని నిలబెట్టి దగ్గమంటారు, పడుకోబెట్టి వాపు లోపలికి పోతోందా అని చూస్తారు. అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్, ఒక్కోసారి సీటీ స్కాన్ తీయిస్తారు. ఇంత చూసినా లోపలున్నది అపెండిక్సని ముందే తెలియడం తక్కువే. హెర్నియా తిత్తి, అంటే పేగు జారిన ఆ సంచి, తెరిచాకే బయటపడుతుంది. మామూలు అపెండిసైటిస్, అదే మనవాళ్లు 24 గంటల కడుపునొప్పి అంటారే, అందులో నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగుతుంది. అమ్యాండ్ హెర్నియాలో నొప్పీ గట్టిదనమూ గజ్జల్లోనే ఉంటాయి. అందుకే పేగు ఇరుక్కుందనుకుని ఆపరేషన్‌కి తీసుకెళ్తే లోపల అపెండిక్స్ కనిపిస్తుంది.

ఒకసారి థియేటర్లో నేను పక్కనే నిలబడి చూశాను. సర్జన్ గారు తిత్తి తెరిచారు. అపెండిక్స్ ఎర్రగా ఉబ్బి, కొసన తెల్లటి చీము పొర పట్టి ఉంది. ఆయన ఒక్క క్షణం ఆగి, దాన్ని మొదట్లో కట్టి కోసి, ట్రేలో పెట్టారు. తరవాత తిత్తిని మూసి కుట్టారు. చీమున్న చోట జాలీ, అంటే వలలాంటి గుడ్డ, వేస్తే ఇన్‌ఫెక్షన్ దానికి పట్టుకుంటుందని జాలీ వేయలేదు. పెద్దవాళ్లకి మామూలు హెర్నియాలో పొట్ట గోడ గట్టిపడడానికి జాలీ వేస్తారు. పిల్లలకి మామూలుగా అది అక్కర్లేదు, తిత్తిని మొదట్లో కట్టేస్తే చాలు.

అపెండిక్స్ మామూలుగానే ఉంటే? లోపలికి నెట్టేసి హెర్నియా బాగుచేసేవాళ్లున్నారు, చిన్నవయసు కాబట్టి తీసేయడమే మేలనేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ సర్జన్లదే నిర్ణయం. నేనైతే వాళ్ల మాట వింటాను. అపెండిక్స్ పగిలి చీము పొట్టలోకి పాకితే మాత్రం పని పెద్దదవుతుంది. పొట్ట తెరిచి కడగాలి, యాంటిబయాటిక్స్ ఎక్కువ రోజులివ్వాలి.

వాపు పడుకుంటే పోయి, లేస్తే వస్తుంటే అమ్మకో నాన్నకో ఈ వారంలోనే చెప్పండి. వాపు గట్టిపడి లోపలికి పోకపోయినా, ఎర్రబడినా, నొప్పీ వాంతులూ జ్వరమూ వచ్చినా గంటలు లెక్కపెట్టుకోకుండా బయల్దేరాలి. వృషణంలో ఉన్నట్టుండి నొప్పి మొదలైనా అంతే. అది మెలిపడితే ఆరు గంటల్లోపు సరిచేస్తేనే దక్కే అవకాశం ఎక్కువ. మన ఊళ్లలో ఇలాంటప్పుడు ఉప్పు కాపడం పెడతారు, నూనె రాసి నొక్కుతారు. పెట్టనివ్వకండి, నొక్కనివ్వకండి. దారిలో అన్నం, కాఫీ ఏదీ తీసుకోవద్దు, ఎందుకంటే ఖాళీ కడుపుంటేనే మత్తివ్వడం సులువు. ఇచ్ఛాపురం నుంచైనా, పాలకొండ నుంచైనా 108కి ఫోన్ చేసి, పిల్లల సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని అడగండి.

ఆపరేషనైతే మళ్లీ కబడ్డీ ఎప్పుడాడాలి అని అడుగుతారని నాకు తెలుసు. మామూలు హెర్నియాకి చాలామంది పిల్లలు ఆ రోజో మర్నాడో ఇంటికి వెళ్లిపోతారు. చీముంటే ఇంకొన్ని రోజులు ఉండాలి. గాయం ఎండాక బడికి వెళ్లొచ్చు. సైకిలూ, కబడ్డీ, నాగావళిలో ఈతా మాత్రం సర్జన్ గారు సరేనన్నాకే.

మీ మామ్మ