శంషాబాద్ నుంచి దుబాయ్, షికాగో ఎన్ని గంటలు? అపోహలు – వాస్తవాలు

అపోహ: “పొద్దున 10కి ఎక్కితే 12:30కి దిగుతామని టికెట్‌లో ఉందన్నా. దుబాయ్ రెండున్నర గంటలేగా!”

వాస్తవం: ఎక్కే టైమ్ మనది, దిగే టైమ్ అక్కడిది. దుబాయ్, మస్కట్ మనకంటే గంటన్నర వెనక. సౌదీ, ఖతార్, కువైట్ రెండున్నర గంటలు వెనక. పోయేటప్పుడు ఆ తేడా కలపాలి, వచ్చేటప్పుడు తీసెయ్యాలి. కాబట్టి ఇది 4 గంటల ప్రయాణం. దుబాయ్‌లో రాత్రి 10కి ఎక్కి మన టైమ్ తెల్లవారుజామున 3కి దిగితే మూడున్నర గంటలే. షికాగో తేడా రెండు రకాలు: మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు, మిగతా నెలల్లో పదకొండున్నర.

అపోహ: 15వ తేదీ 00:30 ఫ్లైట్ అంటే 15న ఇంటి నుంచి బయల్దేరాలి.

వాస్తవం: అప్పటికి విమానం వెళ్లిపోయి ఉంటుంది. టికెట్ డబ్బులు పోయేది ఇలాగే. అది 14 అర్ధరాత్రి దాటిన అరగంటకు. మూడు గంటల ముందు, అంటే 14 రాత్రి 9:30కి ఎయిర్‌పోర్టులో ఉండాలి. చాలా ఎయిర్‌లైన్లు గంట ముందే చెక్-ఇన్ కౌంటర్ మూసేస్తాయి. హన్మకొండ నుంచి జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ మీదుగా ఔటర్ ఎక్కితే మూడు, మూడున్నర గంటలు. ట్రాఫిక్‌కు అరగంట కలుపుకొని సాయంత్రం 5:30కి కదలాలి. కరీంనగర్ వాళ్లు ఇంకో అరగంట ముందు.

అపోహ: విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుంది కాబట్టి దూరాన్ని 900తో భాగిస్తే చాలు, పోను రాను ఒకటే.

వాస్తవం: శంషాబాద్–దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు. భాగిస్తే మూడు గంటలు కూడా రాదు. కానీ టికెట్ మీది సమయం ఇక్కడ గేటు వదిలినప్పటి నుంచి అక్కడ గేటు చేరేదాకా. రన్‌వే దాకా వెళ్లడం, పైకెక్కడం, దిగే ముందు వరుస కోసం ఆగడం అన్నీ అందులోవే. పైగా విమానం ఎగిరే ఎత్తులో గాలి ఎక్కువ నెలలు పడమటి నుంచి వీస్తుంది, చలికాలంలో మరీ గట్టిగా. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి.

అపోహ: అట్లాసు మీద స్కేలు పెట్టి గీసిందే దగ్గరి దారి.

వాస్తవం: ఆ గీత ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. గ్లోబు మీద హైదరాబాద్ నుంచి షికాగోకు దారం బిగించి చూడండి: దాదాపు నేరుగా ఉత్తరానికి, 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి దిగుతుంది. సుమారు 13,280 కిలోమీటర్లు. విమానాలు అచ్చంగా దాని మీదే పోవు. దారిలోని కారకోరం, పామీర్ పర్వతాల పైన క్యాబిన్ ప్రెషర్ (లోపలి గాలి ఒత్తిడి) పడిపోతే ఊపిరాడేలా 10,000 అడుగులకు దిగాలి, అక్కడ నేలే అంతకంటే ఎత్తు. గగనతల ఆంక్షలు వేరే. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారత విమానాలకు దారి మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే మన విమానాలు చుట్టు తిరిగాయి.

అపోహ: డైరెక్ట్ అంటే ఎక్కడా ఆగదు.

వాస్తవం: ఒకే ఫ్లైట్ నంబరుతో మధ్యలో ఆగొచ్చు. ఆగనిది నాన్‌స్టాప్. మధ్యలో విమానం మారాల్సి వస్తే రెండు టికెట్లూ ఒకే పీఎన్ఆర్‌లో తీసుకోండి. వేర్వేరుగా కొంటే, మొదటిది లేటై రెండోది తప్పినా ఎయిర్‌లైన్ బాధ్యత ఉండదు. సామాను తీసుకోవడానికి బయటికి రావాలంటే ఆ దేశం వీసా కూడా అడగొచ్చు. అమెరికాలో మొదట దిగే ఊళ్లోనే ఇమిగ్రేషన్ ఉంటుంది, సాధారణంగా సామాను కూడా అక్కడే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. మూడు గంటలకు తక్కువ లేఓవర్ (రెండు విమానాల మధ్య ఆగే సమయం) పెట్టుకోవద్దు. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది కాబట్టి, ఆ మూడు గంటలు అబుదాబిలో ఉంచుకోండి.