సందర్శకుల చిట్టా చేతులు మారిన రోజు

సైట్ చూసినవాళ్ల వివరాలు అమెరికాకు పోవచ్చా అన్న గొడవ ఐరోపాలో మళ్లీ రాజుకుంది. 2025 సెప్టెంబరు 3న ఐరోపా జనరల్ కోర్టు, ఆ వివరాలు అమెరికాకు పంపడానికి వీలిచ్చే ఏర్పాటైన 'డేటా ప్రైవసీ ఫ్రేమ్‌వర్క్' చెల్లుతుందని చెప్పింది. పిటిషన్ వేసిన ఫ్రాన్స్ ఎంపీ ఫిలిప్ లాటోంబ్ అప్పీలుకు వెళ్లారు. ఈ కథను అందరూ 2020 నాటి ష్రెమ్స్ తీర్పు (ఇలాంటి పాత ఏర్పాటును ఐరోపా పై కోర్టు కొట్టేసిన తీర్పు) నుంచి చెబుతారు. అసలు మలుపు అంతకు పదిహేనేళ్ల ముందు వచ్చింది.

2005లో అర్చిన్ అనే సంస్థను కొన్న గూగుల్, అది డబ్బు తీసుకుని అమ్ముతున్న సందర్శకుల లెక్క సేవను నవంబరులో 'అనలిటిక్స్' పేరుతో ఉచితం చేసింది. తాకిడి తట్టుకోలేక కొద్ది రోజులకే కొత్తవారిని చేర్చుకోవడం ఆపేసింది.

అప్పటిదాకా సొంత సైట్ ఉన్నవారికి లెక్క చాలావరకు సర్వర్ (సైట్ ఉండే కంప్యూటర్) లాగ్‌లో దొరికేది. ఎవరు పేజీ తెరిచినా ఒక వరుస పడేది: ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్ చిరునామా), సమయం, పేజీ, బ్రౌజర్. వెబలైజర్, ఏడబ్ల్యూస్టాట్స్ అనే సాఫ్ట్‌వేర్లు దాన్ని చదివి పట్టికలు వేసేవి. ఆ లెక్కలో తప్పులుండేవి. ప్రతి బొమ్మకూ వేరే వరుస పడేది కాబట్టి పేజీలో పది బొమ్మలుంటే పదకొండు హిట్లు, బాట్ (తనంతట తిరిగే ప్రోగ్రాం) వచ్చినా మనిషి వచ్చినట్టే. అయినా ఆ చిట్టా మన సర్వర్ దాటేది కాదు. పేజీలో గూగుల్ కోడ్ అతికించాక చదువరి బ్రౌజరే నేరుగా గూగుల్‌కు కబురు పంపడం మొదలుపెట్టింది. సైట్ యజమానికి అందమైన గ్రాఫులు వచ్చాయి. చదువరిని మాత్రం ఎవరూ అడగలేదు. నా దృష్టిలో నేటి వివాదమంతా ఇక్కడే పుట్టింది.

2022 జనవరిలో బయటికొచ్చిన నిర్ణయంలో ఆస్ట్రియా డేటా రక్షణ నియంత్రణ సంస్థ పట్టుకున్నది కూడా దీన్నే. కుకీ (బ్రౌజర్‌లో దాచే గుర్తు) సంఖ్య, ఐపీ అడ్రస్, బ్రౌజర్ వివరాలు కలిస్తే మనిషిని వేరుచేసి గుర్తించవచ్చని, వాటిని అలా అమెరికాకు పంపడం ఐరోపా చట్టానికి విరుద్ధమని అంది. ఎన్‌క్రిప్షన్ (వివరాలను సంకేతాలుగా మార్చి దాచడం) ఉందన్న గూగుల్ వాదనను ఒప్పుకోలేదు, తాళంచెవి గూగుల్ దగ్గరే ఉంది కాబట్టి. ఫిబ్రవరిలో ఫ్రాన్స్, జూన్‌లో ఇటలీ అదే మాటన్నాయి. పదిహేనేళ్లలో అలాంటి వివరాలు అడుగుతూ అమెరికా ప్రభుత్వం నుంచి ఒక్క ఆదేశమూ రాలేదని గూగుల్ బదులిచ్చింది. అడిగితే ఇవ్వక తప్పుతుందా అన్నదే అసలు ప్రశ్న.

ఇది పెద్ద కంపెనీల తగాదా అనుకోవద్దు. అదే జనవరిలో మ్యూనిక్ కోర్టు, గూగుల్ ఫాంట్ల (గూగుల్ సర్వర్ నుంచి తెచ్చుకునే అక్షర రూపాలు) ద్వారా ఐపీ అడ్రస్ బయటకు పంపినందుకు ఒక సైట్ నిర్వాహకుడు సందర్శకుడికి 100 యూరోలు కట్టాలంది. ఆ తీర్పు చూపించి చిన్న సైట్లవారికి నోటీసులు గుప్పించారు.

ఇప్పుడు ఫ్రేమ్‌వర్క్ అండ ఉంది కాబట్టి అనలిటిక్స్ నడుస్తోంది. పై కోర్టు దాన్ని కొట్టేస్తే 2022 చిక్కు మళ్లీ మొదటికొస్తుంది. సందర్శకులను లెక్కించే మాటోమో వంటి సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకుని, లెక్క తమ వరకే ఉంచుకున్నవారికి మాత్రం ఆ చిక్కు లేదు. సరిగ్గా అమర్చుకుంటే వాళ్లు సందర్శకుడి అనుమతి కూడా అడగక్కర్లేదని ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ ఎప్పుడో చెప్పింది.