చిట్టి ఆర్కిడ్‌లు: బెంగళూరు బాల్కనీలో అపోహలు, వాస్తవాలు

అరచేతిలో ఇమిడిపోయే ఆర్కిడ్ జాతులను నేను బెంగళూరులో, తూర్పు ముఖంగా ఉన్న బాల్కనీలో పెంచుతున్నాను. పూలు చూడవచ్చిన తెలుగు మిత్రుల మాటల్లో కొన్ని నమ్మకాలు పదే పదే వినబడుతుంటాయి. మొక్కల ప్రాణం మీదికి తెచ్చేవి కూడా చాలావరకు అవే కాబట్టి వాటి గురించి వివరంగా రాస్తున్నాను.

అపోహ: బెంగళూరు చల్లని ఊరు కనుక ఇక్కడ ఏ ఆర్కిడ్ అయినా బతుకుతుంది.

వాస్తవం: సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల ఈ ఊరు చెన్నై, విజయవాడల కంటే చల్లగా ఉంటుందన్న మాట నిజమే. కానీ కొండజాతి ఆర్కిడ్‌ల విషయంలో పగటి వేడి ఎంత అన్నదానికంటే రాత్రి ఎంత చల్లబడుతుందన్నదే ముఖ్యం. మాస్‌డెవాలియా, డ్రాకులా, లెపాంథెస్ ప్రజాతులలో అనేకం మధ్య, దక్షిణ అమెరికా పర్వతాల మీద, నిత్యం మబ్బు కమ్మి ఉండే అడవులలో పుట్టినవి. రాత్రిళ్లు 10 నుంచి 14 డిగ్రీల చలికి అలవాటు పడినవి. జనవరిలో ఇక్కడి రాత్రులు 16 డిగ్రీల దగ్గర ఉన్నంతకాలం అవి కళకళలాడుతూ కనిపిస్తాయి. ఏప్రిల్‌లో పగలు 34, రాత్రి 22 డిగ్రీలకు చేరేసరికి ఒక్కొక్క ఆకే రాలుస్తూ నీరసిస్తాయి. నా మొదటి మాస్‌డెవాలియా అలాగే పోయింది. అది దాహంతో వాడిపోతోందనుకుని నేను నీళ్లు పెంచగా, అప్పటికే వేడికి అలసిన వేళ్లు కుళ్లిపోయాయి. ఆ మొక్కను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

అందుచేత కొనేముందు పూవు బొమ్మను కాక, ఆ జాతి ఏ దేశంలో, ఎంత ఎత్తున పెరుగుతుందో చూడాలి. తైవాన్‌కు చెందిన హరేల్లా, బ్రెజిల్‌కు చెందిన లెప్టోటెస్ బైకలర్, మడగాస్కర్ నుంచి వచ్చిన అంగ్రేకం డిడియెరి, ఈశాన్య భారతం మొదలుకొని ఆగ్నేయాసియా వరకు కనిపించే డెండ్రోబియం లిండ్లేయి మన బాల్కనీలకు ఒదిగిపోతాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను హరేల్లానే సూచిస్తాను. రెండు మూడు అంగుళాల మొక్కకు తేనెటీగను తలపించే పసుపు, ముదురు గోధుమ రంగుల పూవు పూయడం చూసి తీరవలసిన దృశ్యం.

అపోహ: చిన్న మొక్కకు కాసిని నీళ్లు చిలకరిస్తే చాలు.

వాస్తవం: జరిగేది దీనికి సరిగ్గా విరుద్ధం. ఆర్కిడ్ వేరు చుట్టూ వెలమెన్ అనే మృతకణాల పొర స్పాంజిలా నీటిని పీల్చుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు వెండిరంగులో ఉండే ఆ వేరు తడవగానే పచ్చగా మారుతుంది. పెద్ద మొక్కకు కాండంలోనూ ఆకుల్లోనూ కొన్ని రోజులకు సరిపడా నీటి నిల్వ ఉంటుంది గానీ చిట్టి మొక్కకు అంత నిల్వ ఉండదు. బెరడు ముక్కకు కట్టిన మొక్కలను ఫిబ్రవరి, మార్చి నెలల పొడిగాలిలో నేను రోజూ ఉదయం వేళ్లన్నీ పచ్చబడేదాకా తడిపి, ఎండ ముదిరిన రోజుల్లో సాయంత్రం మరోసారి తడుపుతాను. వానాకాలంలో మాత్రం వేరు మళ్లీ వెండిరంగుకు తిరిగేవరకు ఆగుతాను. బోరు నీళ్లలోని లవణాలు వేళ్ల మీద తెల్లగా పేరుకుని చివళ్లను మాడ్చేస్తాయి కాబట్టి పట్టిపెట్టిన వాననీళ్లో, ఆర్ఓ నీళ్లో వాడటం మంచిది.

తేమ కోసం గాజుపెట్టెలో పెట్టి మూత బిగించడం మరొక పొరపాటు. గాలి ఆడని తేమలో రెండు రోజుల్లోనే ఆకు మొదలు నల్లబడుతుంది. కంప్యూటర్లో వాడే చిన్న ఫ్యాను ఒకటి అమర్చితే చాలు.

అపోహ: ఎరువు దండిగా వేస్తే పూస్తుంది.

వాస్తవం: నత్రజని ఎక్కువైతే ఆకులే పెరుగుతాయి. డబ్బా మీద రాసిన మోతాదులో నాలుగోవంతు, అదీ కొత్త వేళ్లు సాగే కాలంలోనే ఇస్తాను. పూత రావాలంటే వెలుతురు కావాలి, కొన్ని జాతులకు విశ్రాంతి కూడా కావాలి. డెండ్రోబియం లిండ్లేయికి డిసెంబరు నుంచి ఎరువు పూర్తిగా ఆపి, దుంపలు (నీటిని దాచుకునే ఉబ్బిన కాండాలు) మరీ ముడతలు పడకుండా మాత్రమే తడపాలి. జాలిపడి నీళ్లు పోస్తే ఆ ఏడు పూగెల ఆశ వదులుకోవలసిందే. ఆకులు ముదురాకుపచ్చగా ఉంటే వెలుతురు చాలడం లేదని అర్థం.

అపోహ: ఇవి చెట్టు రసం పీల్చే బదనికలు.

వాస్తవం: చెట్టు మీద పెరిగే ప్రతిదాన్నీ బదనిక అనడం మనకు అలవాటు. అసలైన బదనిక తన వేరును కొమ్మలోకి దింపి రసం లాగుతుంది. ఆర్కిడ్ బెరడును పట్టుకుని ఉంటుందే తప్ప లోపలికి చొరబడదు.

పడమటి కనుమల అడవి నుంచి పీకి తెచ్చిన మొక్కయితే గట్టిగా బతుకుతుందన్న మాటను మాత్రం నేను అస్సలు సహించలేను. ఆర్కిడ్ విత్తనంలో ఆహార నిల్వ దాదాపు ఉండదు గనుక అడవిలో అది తగిన శిలీంధ్రం తోడు లేకుండా మొలవదు, మొలిచినా పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. 1922లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన మాధ్యమంలో శిలీంధ్రం లేకుండానే విత్తనాలు మొలిపించవచ్చని చూపినప్పటి నుంచి, సీసాలో పెంచిన మొక్కలను కొనుక్కునే వీలు మనకు ఉంది. అమ్మేవారి దగ్గర మొక్కలన్నీ ఒకే ఈడువిగా, వేళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో చూడండి. తెగిన మొండి వేళ్లు, ఆకుల మీద పురుగులు కొట్టిన పాత గుర్తులు, వేరుకు అంటుకున్న అడవిచెట్టు బెరడు కనిపిస్తే అది అడవి నుంచి పీకి తెచ్చినది కావచ్చు, ఆ మొక్కను కొనకండి.