స్పా సర్క్యూట్: అపోహలు - వాస్తవాలు

రేసు కార్లకు సస్పెన్షన్ సెటప్ చేయడం నా పని. బెల్జియంలోని స్పా-ఫ్రాంకోర్‌షాంప్ సర్క్యూట్ అంటే నాకు ప్రాణం. అందుకే దాని గురించి తప్పుగా చెప్పుకునే మాటలు వింటే ఊరుకోలేను.

అపోహ: కొండెక్కే ఆ ప్రసిద్ధ మలుపు పేరు ఓ రూజ్.

వాస్తవం: ఓ రూజ్ అంటే కింద లోయలో ఎడమకు తిరిగే మలుపు మాత్రమే. ట్రాక్ కింద నుంచి పారే చిన్న వాగు పేరే దానికి వచ్చింది. నీళ్లలోని ఇనుము వల్ల అడుగున రాళ్లు ఎర్రబారతాయి కాబట్టి 'ఎర్ర నీరు' అన్నారు. ఆ వెంటనే కుడికి తిరుగుతూ కొండెక్కేది రేడియోన్. 1939కి ముందు ఇది లేదు. కార్లు వాగు దాటాక పాత కస్టమ్స్ ఆఫీసు దాకా వెళ్లి, అక్కడి హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి తిప్పేసే మలుపు) తిరిగి వచ్చేవి. ఆ చుట్టు తప్పించడానికే రేడియోన్ వేశారు.

అపోహ: అక్కడ యాక్సిలరేటర్ మీద కాలు తీయకుండా వెళ్లడానికి గుండె ధైర్యం ఉంటే చాలు.

వాస్తవం: ధైర్యం కావాలి, కాదనను. కానీ ఇప్పటి ఫార్ములా వన్ కారుకు ట్రాక్ పొడిగా ఉంటే అది ఫుల్ థ్రాటిల్ మలుపే. అసలు టెన్షన్ మాది. లోయ అడుగున కారు ఒక్కసారిగా కిందికి నొక్కుకుపోయి, అడుగుభాగం రోడ్డుకు రాసుకుంటుంది. కారు ఎత్తు పెంచితే డౌన్‌ఫోర్స్ (కారును రోడ్డుకు అదిమిపెట్టే గాలి ఒత్తిడి) పోతుంది, తగ్గిస్తే అడుగున బిగించి ఉండే ప్లాంక్ అనే పలక అరుగుతుంది. కొత్త ప్లాంక్ మందం 10 మిల్లీమీటర్లు. రేసయ్యాక కొలిచే చోట 9 కన్నా తగ్గితే డిస్‌క్వాలిఫై చేస్తారు, అంటే ఫలితం రద్దు. ఆ ఒక్క మిల్లీమీటరు కోసం రాత్రంతా లెక్కలు వేస్తాం.

ఆ ఎత్తు టీవీలో తెలియదు. నడిచి ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. డ్రైవర్ కళ్లకు ఎదురుగా కనిపించేది ఆకాశమే, పైన ఏ కారు ఆగిపోయి ఉన్నా చివరిదాకా తెలియదు. 2019లో ఫార్ములా టూ డ్రైవర్ ఆంట్వాన్ ఉబెర్ రేడియోన్ దాటాక జరిగిన ప్రమాదంలోనే చనిపోయాడు. 2022 సీజన్‌కు ముందు అక్కడ రనాఫ్ (అదుపు తప్పిన కారు ఆగడానికి ట్రాక్ పక్కన వదిలే ఖాళీ జాగా) పెంచి, గోడలు వెనక్కి జరిపారు. ఇంకా ముందే చేసి ఉండాల్సింది.

అపోహ: పాతకాలం డ్రైవర్లకు భయం తెలియదు, భద్రత అడిగినవాళ్లు పిరికివాళ్లు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. పాత స్పా పొడవు సుమారు 14 కిలోమీటర్లు. పొలాలు, ఇళ్లు, కరెంటు స్తంభాల మధ్య నుంచి పోయే మామూలు రోడ్లే ట్రాక్. 1960 రేసులో డ్రైవర్లు క్రిస్ బ్రిస్టో, అలన్ స్టేసీ ఇద్దరూ చనిపోయారు. 1962 నుంచి 1965 వరకు వరుసగా నాలుగుసార్లు ఇక్కడ గెలిచిన జిమ్ క్లార్క్‌కే ఈ ట్రాక్ అంటే పడేది కాదు. 1966లో మొదటి ల్యాప్‌లోనే (చుట్టులోనే) వాన కురిసి డ్రైవర్ జాకీ స్టీవార్ట్ కారు రోడ్డు తప్పింది. ఆయన ఒళ్లంతా పెట్రోలుతో తడిసి, కారులో ఇరుక్కుపోయాడు. తోటి డ్రైవర్లు గ్రాహం హిల్, బాబ్ బాండురాంట్ చూసేవాళ్ల దగ్గర పానా అడిగి తెచ్చి, స్టీరింగ్ విప్పి బయటికి తీశారు. ఆ తర్వాతే స్టీవార్ట్ భద్రత కోసం గట్టిగా పోరాడాడు. 1970 తర్వాత ఫార్ములా వన్ పాత ట్రాక్ వదిలేసింది. 1979లో సుమారు 7 కిలోమీటర్లకు కుదించిన ట్రాక్ మీదికి 1983లో తిరిగొచ్చింది.

అపోహ: వాన మొదలైనా టైర్లు మార్చలేదంటే టీమ్ నిద్రపోయినట్టే.

వాస్తవం: ల్యాప్ 7.004 కిలోమీటర్లు. టైర్లు మార్చే పిట్స్ దగ్గర ఎండ కాస్తుంటే అవతలి చివర వాన కురుస్తుంటుంది. మెకానిక్‌లు ఇంటర్మీడియట్ టైర్లు (కాస్త తడి ట్రాక్‌కు వాడేవి) పట్టుకుని నిలబడతారు, డ్రైవర్ "ఇక్కడ తడి, అక్కడ పొడి" అంటాడు. పిట్ ఎంట్రీ దాటిపోతే తడిలో స్లిక్స్ (గాళ్లు లేని, పొడి ట్రాక్ టైర్లు) మీద ఇంకో 7 కిలోమీటర్లు పోవాల్సిందే.

అపోహ: రేసు ముగింపు జెండా, చెక్కర్డ్ ఫ్లాగ్ పడితే ఫలితం ఖాయం.

వాస్తవం: 2024లో ఇక్కడ మొదట గీత దాటిన జార్జ్ రస్సెల్ కారు బరువు కనీస పరిమితికి 1.5 కిలోలు తక్కువ తూగింది. అతన్ని డిస్‌క్వాలిఫై చేయడంతో విజయం లూయిస్ హామిల్టన్‌కు వెళ్లింది. మిగతా ట్రాక్‌లలో రేసయ్యాక నెమ్మదిగా ఒక ల్యాప్ తిరిగి వస్తూ, రోడ్డు మీద రాలిన రబ్బరును టైర్లకు అంటించుకుని కాస్త బరువు పెంచుకుంటారు. స్పాలో ల్యాప్ మరీ పొడవు కాబట్టి పూర్తిగా తిరగరు, మొదటి మలుపు లా సోర్స్ దాటగానే పిట్స్‌లోకి వచ్చేస్తారు.