డాలు మీద నక్షత్రం: అకాడియన్ వంశచిహ్నాల వెనక కథ

ఇంటిపేరు చెబితే చాలు, 'మీ వంశానిదే' అంటూ డాలు మీది వంశచిహ్నానికి, అంటే కోట్ ఆఫ్ ఆర్మ్స్‌కు ఫ్రేము కట్టి అమ్మే దుకాణాలు ఉత్తర అమెరికాలో ఉన్నాయి. ఈ చిహ్నాల శాస్త్రం (హెరాల్డ్రీ) తెలిసినవాళ్లకు అది ఒళ్లు మండే వ్యాపారం. బ్రిటిష్ పద్ధతిలో, దాన్ని అనుసరించే కెనడాలో, డాలు బొమ్మను ఇంటిపేరుకు ఇవ్వరు. ఫలానా వ్యక్తికో, సంస్థకో ఇస్తారు. వ్యక్తికి ఇస్తే అతని వారసులకు దక్కుతుంది. అదే ఇంటిపేరున్న మిగతావాళ్లకు అందులో వాటా లేదు.

అకాడియన్ల విషయంలో మాత్రం ఈ వాదన అంత తేలిగ్గా తెగదు. అకాడియన్లంటే ఇప్పటి కెనడా తూర్పు తీరంలో స్థిరపడిన ఫ్రెంచ్‌వాళ్లు. 1605లో పోర్ రొయాల్‌తో వేళ్లూనుకున్న ఈ ఫ్రెంచ్ వలసలో 1671 జనగణన నాటికి ఉన్నది సుమారు 400 మంది. అందుకే అకాడియన్ లెబ్లాన్‌లు తమ మూలాలు తవ్వుకుంటూ పోతే డానియెల్ లెబ్లాన్, ఫ్రాంస్వాజ్ గోదే అనే ఒకే జంట దగ్గర తేలతారు. ఇంకా చాలా ఇంటిపేర్లదీ ఇదే కథ. ఇక్కడ ఇంటిపేరు నిజంగానే ఒక వంశం.

కానీ ఆ వంశకర్తల్లో ప్రభువులు దాదాపు లేరు. ద్'ఆంత్రమాఁ లాంటి ఒకటి రెండు కుటుంబాలను పక్కనపెడితే అందరూ రైతులే. సముద్రపు పోటుకు మునిగే ఉప్పు నేలలకు కట్టలు వేసి సాగులోకి తెచ్చారు. కట్ట అడుగున పెట్టిన తూములో ఒక తలుపు ఉండేది. పొలంలోని వాన నీటిని బయటికి వదిలేది, పోటొస్తే మూసుకుపోయేది. అబ్వాతో అనే ఈ ఏర్పాటు ముందు సింహాలు, కిరీటాలు నాకు వెలవెలబోయినట్టే అనిపిస్తాయి.

బ్రిటన్ రాజుకు బేషరతుగా విధేయత ప్రమాణం చెయ్యమంటే ఒప్పుకోనందుకు 1755లో బహిష్కరణ మొదలైంది. సెప్టెంబర్ 5న గ్రాన్ ప్రే చర్చిలో 418 మంది మగవాళ్లకు, కుర్రాళ్లకు ఆ ఉత్తర్వు చదివి వినిపించారు. ఎనిమిదేళ్లలో పదివేల మందికి పైగా ఊళ్లు వదలాల్సి వచ్చింది. చెదిరిన బంధువులను మళ్లీ వెతుక్కోవడం అక్కడి నుంచి వచ్చిన అలవాటే.

గుర్తులు చాలా ఆలస్యంగా కుదిరాయి. 1884లో కెనడాలోని మిస్కూష్‌లో జరిగిన అకాడియన్ల సభలో ఫాదర్ మార్సెల్ ఫ్రాంస్వా రిషార్ ఫ్రెంచ్ మూడు రంగుల జెండా నీలి పట్టీ మీద బంగారు నక్షత్రం పెట్టారు. అది సముద్ర నక్షత్రం, అంటే మేరీమాత. నీలం కూడా ఆమె రంగే. 1965లో థామస్ ఆర్సెనో అమెరికాలోని లూసియానా అకాడియన్ల కోసం గీసిన జెండాలోనూ ఆ నక్షత్రం ఉంది. దాని పక్కన ఫ్రాన్స్ లిల్లీపూలు సరే, స్పెయిన్ కోట ఎందుకు? 1785లో ఫ్రాన్స్ నుంచి సుమారు 1,600 మంది అకాడియన్లను ఏడు ఓడల్లో లూసియానాకు చేర్చింది స్పెయిన్ డబ్బు. అప్పుడు ఆ ప్రాంతం వాళ్ల ఏలుబడిలోనే ఉంది.

1988 దాకా కెనడావాళ్లు డాలు బొమ్మ కోసం లండన్‌కో, ఎడిన్‌బరోకో రాసుకోవాల్సి వచ్చేది. ఆ ఏడు ఈ చిహ్నాలు ఇచ్చే సొంత హెరాల్డిక్ అథారిటీ ఏర్పడింది. 1994లో మొదటి ప్రపంచ అకాడియన్ మహాసభ జరిగింది, కుటుంబ సమ్మేళనాలకు ఊపొచ్చింది. ఇప్పుడు ఒక కుటుంబ సంఘం సంస్థగా అర్జీ పెట్టుకుని చిహ్నం పొందవచ్చు. అయితే అది సంఘానిదే. సభ్యుడు దాన్ని అభిమానంగా గోడకు తగిలించుకోవచ్చు గానీ, సొంతానికి ఒకటి కావాలంటే విడిగా మరో అర్జీ పెట్టాల్సిందే.